పోను గంటన్నర, రాను నాలుగున్నర

ఇది ఆఖరి కడాయి. ఇది దిగితే ఈ ఏటికి పసుపు ఉడకబెట్టడం అయిపోయినట్టే. ఇది ఉడికేసరికి ఆయన బయలుదేరే వేళ కూడా అవుతుంది. ఇంటి వెనక తవ్విన పొయ్యిలోకి ఎండు పసుపాకు తోస్తూ ఒక కన్ను కడాయి మీద, ఒక కన్ను వెనక తలుపు మీద పెట్టి కూర్చున్నాను. లోపల గోడ గడియారం మూడు కొట్టింది. ఆయన చేతి గడియారంలో మాత్రం ఇప్పుడు ఒకటిన్నర. పొద్దున స్నానం చేసి రాగానే తిప్పేసుకున్నాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఇంకా గల్లీ దాటలేదు, మామిడిపల్లి చౌరస్తాలో నాలుగు గంటల బొంబాయి బస్సు ఎక్కలేదు, విమానం మాట రేపటి సంగతి, మనిషి నా కళ్ల ముందే పీట వేసుకుని బూట్లు తుడుచుకుంటున్నాడు, చెయ్యి మాత్రం పొద్దున్నే దుబాయి పోయి కూర్చుంది. పదకొండేళ్లుగా ఇదే వరస. వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని గడియారం ముందుకు తిప్పుతాడు, పోయే రోజు పొద్దున వెనక్కి తిప్పుతాడు. మధ్యలో ఉన్న రెండు నెలలే నావి. అందులోనూ ఈ చివరి రోజు సగం నాది కాదు.

కడాయి ఉడకడానికి గంట పడుతుంది, మంట బాగుంటే ఇంకా ముందే. నురగ పైకి రావాలి, పచ్చివాసన పోయి కమ్మటి వాసన రావాలి, అప్పుడు పైన కప్పిన గోనెపట్టా తీసి ఒక కొమ్ములో చీపురుపుల్ల గుచ్చి చూడాలి. పుల్ల ఆగకుండా దిగితే ఉడికినట్టు. ఆ తర్వాత ఇంకాసేపు వదిలేస్తే మెత్తబడి రంగు పోతుంది, అంగట్లో ఎవడూ ముట్టడు. గడియారం చూడటం నాకు మా కూతురు గంగామణి నేర్పింది గానీ అంతకు ముందు నా కాలమంతా కడాయిల్లోనే. ఆలూరు పోయి రావాలంటే ఒక కడాయి. నిజామాబాదు దవాఖానకు పోవాలంటే కడాయిన్నర. దుబాయి ఎన్ని కడాయిలో తేల్చుకోవడంలోనే మా గల్లీ అంతా పప్పులో కాలేసింది.

ఎనభై మూడులో ఆయనకు మొదటి టికెట్టు వచ్చినప్పుడు పక్కింటి హన్మయ్య చదివి చెప్పాడు. హన్మయ్య అప్పటికే ఒకసారి దుబాయి చూసి వచ్చినవాడు, మా గల్లీలో మొదటివాడు, విమానం సంగతుల్లో అతని మాటకు తిరుగులేదు. "బొంబాయిల పొద్దుగాల ఏడుకు లేస్తది, దుబాయిల ఎనిమిదిన్నరకు దిగుతది. గంటన్నరే వదినె" అన్నాడు. మరి తిరిగి రావడానికో? అక్కడ ఏడింటికి లేస్తే ఇక్కడ పదకొండున్నరకు దిగుతుందట. ఒకటే దారి, ఒకటే విమానం, పోను గంటన్నర, రాను నాలుగున్నర. ఎందుకట్లా అని మా అత్త వెంకవ్వ అడిగింది. హన్మయ్య గడ్డం గోక్కుని, తెలియదనడం ఎరగని మనిషి కదా, "పోయెటప్పుడు మా తాన ఏముంటది పెద్దమ్మా? ఒక సంచి, ఇంత తొక్కు, రెండు జతల బట్టలు. వచ్చెటప్పుడు మనిషికి రెండు సూటుకేసులు, కంబళ్లు, టేప్‌రికార్డర్లు, సెంటు సీసలు. గంత బరువు మోస్కుంట గాలిమోటరు మెల్లగ గాకుంటే ఎట్లొస్తది?" అన్నాడు. అందరం ఒప్పుకున్నాం. ఒప్పుకోకపోవడానికేముంది, పసుపు బస్తాలతో అంగడికి పోయే బండీ ఖాళీగా తిరిగొచ్చే బండీ ఒక్కలాగా నడుస్తాయా? అప్పటి నుంచి మా అత్త ఆయనకు ఉత్తరం రాయించినప్పుడల్లా ఆఖరి మాట ఒకటే చెప్పేది. "సామాను జర తక్కువ తెచ్చుకో బిడ్డా, జల్ది వస్తవు." రాసిపెట్టే తుకారాం సారు నవ్వు ఆపుకుని రాసేవాడు.

నాకూ ఆ బరువు లెక్క బాగానే ఉండేది. రెండేళ్లకోసారి గానీ రాని మనిషిని గురించి ఏదో ఒకటి అనుకోవాలి కదా. పోవడం తేలిక, రావడం బరువు, అందుకే ఆలస్యం అవుతోంది అనుకుంటే రాత ఎంత కష్టమైనా కాస్త అర్థమున్నట్టు ఉండేది. ఎనభై అయిదులో ఆయన మొదటిసారి వచ్చినప్పుడు ఇంటి ముందు నిజంగానే రెండు సూటుకేసులు దిగాయి, పైన పులి బొమ్మ కంబళి. గంగామణికి అప్పుడు నాలుగేళ్లు, ఆయన్ని వదిలేసి పులిని చూసి ఏడ్చింది. అన్నం పెట్టాను. కూర్చున్నాడు గానీ కంచం వైపు చూడలేదు. మెరిసే గడియారం చేతి నుంచి విప్పి పట్టుకుని "టైం ఎంతయిందే?" అని అడిగాడు. నాకు టైము చూడటం వస్తే కదా, ఇంట్లో గడియారముంటే కదా. "రెండో కడాయి దించి జరసేపైంది" అన్నాను. ఆయన గట్టిగా నవ్వాడు. నేను పైటకొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. తలుపు చాటున మా అత్త కూడా నవ్వింది. మరునాడే పెద్ద బజారుకు పోయి గోడ గడియారం కొనుక్కొచ్చాడు. ఇప్పుడు మూడు కొట్టింది అదే. ఆ నవ్వు మాత్రం అంత గట్టిగా మళ్లీ వినలేదు.

మంట తగ్గుతోంది. ఇంకో మోపు ఆకు తోశాను. పొగ కళ్లలోకి వచ్చింది, మంచిదే, ఎవరైనా చూస్తే పొగ అనుకుంటారు. ముందు వాకిట్లో ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు, హన్మయ్య స్కూటరు వచ్చినట్టుంది. సూటుకేసు చౌరస్తా దాకా దాని మీదే పోవాలి. ఇంకాసేపట్లో నన్ను పిలుస్తారు. నన్ను పిలవకుండా ఈ గల్లీ నుంచి ఎవరూ దుబాయి పోరు. మా దగ్గర ఊరు పోయే మనిషికి ముత్తైదువ నిండు బిందెతో ఎదురు రావాలి. గుమ్మం దిగి మూడడుగులు వేసేసరికి ఎదురవ్వాలి, పోయేవాడు బిందెలో ఒక రూపాయి బిళ్ల వేసి వెనక్కి చూడకుండా పోవాలి. ఖాళీ బిందె ఎదురైతే మాత్రం తిరిగి ఇంట్లోకి పోయి కూర్చోవాలి. ఎనభై ఒకటిలో హన్మయ్య మొదటిసారి పోయిన రోజు నేనేమీ కావాలని ఎదురు పోలేదు. నేను బోరింగు నుంచి నీళ్లు తెస్తున్నాను, అతను గుమ్మం దిగుతున్నాడు, అంతే. ఆరు నెలలకు ఇంటికి క్యాసెట్టు పంపాడు. ఉత్తరాలు రాయలేని వాళ్లంతా అప్పట్లో క్యాసెట్లలోనే మాట్లాడి పంపేవాళ్లు. అంజన్న హోటల్లో టేపు పెట్టించి గల్లీ అంతా విన్నాం. "మంచి కంపెనీ దొరికింది, ఏసీ రూములుంటున్నం, గిదంత నీలవ్వ వదినె ఎదురొచ్చిన గుణం" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా పని పట్టింది.

అప్పటి నుంచి ఎవరికి వీసా వచ్చినా ముందు మా ఇంటికే కబురు. ధర్పల్లి లచ్చన్న అయితే పొద్దున్నే బస్సెక్కి మా ఇంటికొచ్చి, లోపలికి పోయి, మళ్లీ మా గుమ్మం నుంచే కొత్తగా బయలుదేరినట్టు బయలుదేరి, నా ఎదురు పుచ్చుకుని బొంబాయి పోయాడు. మూడు నెలలకు ఏజెంటు ముంచాడని తిరిగొచ్చాడు. దానికీ నేనే దొరికాను. "గానాడు బిందె అంచు దాక నిండలే వదినె, నాలుగు వేళ్లు తక్కువుండె నీళ్లు" అన్నాడు. తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ఎంతమందికి ఎదురు పోయానో లెక్క పెట్టలేదు, సగం గల్లీని నేనే పంపాను. ఒకరోజు బోరింగు దగ్గర హన్మయ్య భార్య ముత్తెమ్మ నా బిందె ఎత్తి చంకన పెడుతూ "అక్కా, గానాడు నీకు గీ బోరింగు కాడ జర ఆల్శమైతే ఏమైతుండె?" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. నిజంగానే, ఏమయ్యేది? హన్మయ్య పోయేవాడు కాదేమో. హన్మయ్య పోకపోతే ఆయన్ని తీసుకుపోయేదెవరు?

ఆయన మొదటిసారి పోయిన రోజు నాకు ఇరవై మూడేళ్లు. మొగుడు పోయిన మనిషి ఎదురైతే అపశకునమని, కొడుక్కి ఎదుట పడకుండా మా అత్త తలుపు చాటుకు పోయి నిలబడింది. నేను వెనక నుంచి చుట్టు తిరిగి పోయి బోరింగులో నీళ్లు కొట్టుకుని ఎదురొచ్చాను. నీళ్లు తొణక్కూడదన్న ధ్యాసలో ఆయన మొహం చూడనే లేదు. చూసిందల్లా బిందెలో నీళ్లు, వాటిలో కొంచెం ఆకాశం. రూపాయి పడింది, చప్పుడు కూడా కాలేదు. తలెత్తేసరికి ఆయన గల్లీ మూల తిరిగిపోయాడు. పోయేవాణ్ని వెనక నుంచి పిలవకూడదు. అసలు నేను ఆయన్ని పేరు పెట్టి పిలిచిందెప్పుడు, గంగామణి నాయినా అనడమే గానీ. అట్లా అయిదుసార్లు అయింది. అయిదుసార్లూ నీళ్లే చూశాను.

తొంభైలో మా అత్తకు జబ్బు చేసింది. మంచం మీద నుంచి లేవలేని రోజుల్లో ఒక మధ్యాహ్నం, గంజి పట్టుకుపోతే, నా చెయ్యి పట్టుకుంది. "నేనెదురైతే వాడు ఆగుతుండె గదనే నీలా. ఒక్క అడుగు బయట పెడితే అయిపోతుండె. మంచిగ పోవాలె బిడ్డ అని తలుపు సాటుకు దాక్కుంటి" అంది. గంజి చల్లారుతోంది తాగు అన్నాను. పదిహేను రోజులకు పోయింది. ఆయనకు సెలవు దొరకలేదు. నెలకు క్యాసెట్టు వచ్చింది. ఒక వైపు అంతా మాటే లేదు. ఊపిరి, ముక్కు ఎగబీల్చడం, దూరంగా ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. రెండో వైపు తిప్పి పెడితే పైరు సంగతి అడిగాడు. ఆ మొదటి వైపు నేను చాలాసార్లు విన్నాను. ఆయన నాకు చెప్పిన మాటలన్నిటిలో నాకు బాగా గుర్తున్నది అదే.

పోయిన ఏడాది ఇదే పొయ్యి దగ్గర గంగామణి ఆ గాలిమోటరు సంగతి తేల్చేసింది. బళ్లో చెప్పారట. పెద్ద పసుపు దుంప ఒకటి తీసుకుని మంట ముందు పట్టి గిర్రున తిప్పుతూ "గీడ ముందుగాల తెల్లారుతది, గాడ గంటన్నరకు తెల్లారుతది. మన గడియారం వేరే, దుబాయి గడియారం వేరే. పోవుడైనా వచ్చుడైనా మూడు గంటలే అమ్మా" అంది. మరి సామాను బరువో అన్నాను. అది పడీ పడీ నవ్వి హన్మయ్యకు చెప్పడానికి పరుగెత్తింది. నాకు నవ్వు రాలేదు. కోపం వచ్చింది. మూడు గంటలా? హైదరాబాదు బస్సు అయిదు గంటలు పోతుంది. పొద్దున మూడు కడాయిలు దించేలోపల మనిషి అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేయొచ్చు. అంత దగ్గర ఉండి రెండేళ్లకోసారా? దూరమనుకున్నన్నాళ్లు ఏడుపు వచ్చేది గానీ కోపం రాలేదు. మా అత్త ఈ మాట తెలియకుండానే పోయింది, సామాను తక్కువ తెమ్మని చెప్పీ చెప్పీ పోయింది, అదొక్కటే నయం. ఆ రోజంతా వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాను. అప్పటికి వచ్చింది నాలుగుసార్లు, ఇప్పటిది అయిదోది. రాకకు రెండు నెలలు. అన్నీ కలిపితే పది. పసుపు పెట్టిన నాటి నుంచి తవ్వే దాకా తొమ్మిది నెలలు. పదకొండేళ్లలో మా ఇద్దరి కాపురం ఒక్క పసుపు పంట.

నురగ వస్తోంది. గోనెపట్టా అంచులు ఎగదన్నుతున్నాయి. మధ్యాహ్నం ఇంతకు ముందు కడాయి ఉడుకుతుంటే ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. దుబాయిలో సెంట్రింగు పని చేసీ చేసీ చేతులు బండబారిపోయాయి గానీ పసుపు కొమ్ము పట్టుకుంటే మాత్రం పాత రైతు చేతులే, పుల్ల గుచ్చకుండానే వేళ్లతో ఒత్తి ఇంకా కొంచెం ఉడకాలి అన్నాడు. తర్వాత పొయ్యిలోకి చూస్తూ "గీపారి మూడేండ్ల కాంట్రాక్టు అంటున్నరు. నువ్వేమంటవ్?" అన్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి అడిగాడు. ఇల్లు కట్టుకున్నాం, నేలుంది, గంగామణి చదువుకుంటోంది, ఎవరమూ పస్తు లేము. ఇంకా పోవడం ఒక అలవాటు, అంతే. ఇవన్నీ నోటి చివరే ఉన్నాయి. నేనేమన్నాను? "నాదేమున్నది, నీ ఇష్టం" అన్నాను. ఎందుకన్నానో దేవుడికే తెలియాలి. మా గల్లీలో ఆడవాళ్లందరం అనేది అదే కాబట్టి అన్నానేమో. ఊరందరినీ నవ్వుతూ సాగనంపిన నీలవ్వ తన మొగుణ్ని మాత్రం కొంగున కట్టుకుందంటారని అన్నానేమో. ఆయన పొయ్యిలోకి ఇంకాస్త ఆకు తోశాడు. "ఇంటికాడ నేనే ఉంటే ఎవుసం నేనే చూసుకుందు, కడాయి దించనీకి మంగవ్వను పిలిచే పనే ఉండది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అది అడగడమేనని, ఆగడానికి చోటు వెతుక్కోవడమేనని, ఆయన లేచి ప్యాంటు దులుపుకుని లోపలికి పోయాక గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. అప్పుడు పిలుద్దామంటే కూలికొచ్చిన మంగవ్వ పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడు ఆమె కూడా అంగడికి పోయింది.

కమ్మటి వాసన వచ్చేసింది. పట్టా తీసి పుల్ల గుచ్చాను. ఆగకుండా దిగింది.

"వదినే, టైమైతున్నది, బిందె తీస్కొని రా!" ముందు నుంచి హన్మయ్య కేకేశాడు.

పొయ్యిలోంచి మంట బయటికి లాగేశాను. పసుపు పైకి తీయడానికి రెండో మనిషి కావాలి, నా ఒక్కదాని వల్ల కాదు. ఇత్తడి బిందె చంకన పెట్టుకుని వెనక సందులోంచి బోరింగు దగ్గరకు పోయాను. చెయ్యి దానంతట అదే కొట్టింది, అంచు దాకా, నాలుగు వేళ్లు తక్కువ కాకుండా. ఎత్తి చంకన పెట్టుకున్నాను. ఒక అడుగు వేశాను. తలుపు చాటున మా అత్త నిలబడ్డ చోటు కళ్లలో ఆడింది. బిందె దించాను. వంచాను. నీళ్లన్నీ బురదలోకి పోయాయి, చెప్పులు తడిశాయి. ఎవరైనా చూశారేమోనని కూడా చూడలేదు. మళ్లీ చంకన పెట్టుకుని నడిచాను. ఇన్నేళ్ల అలవాటున నడుము ఒక పక్కకు వంగుతోంది, బరువు లేదు, కాళ్లు నా మాట వినకుండా పరుగెడుతున్నాయి. ఖాళీగా ఉంటే ఇంత తొందరగా పోవచ్చని హన్మయ్య చెప్పింది అబద్ధమేమీ కాదు.

ఆయన గుమ్మం దిగాడు. ఒకటి, రెండు, మూడు. తొణికే నీళ్లు లేవు కాబట్టి ఈసారి మొహం చూశాను. చెవుల పక్కన తెల్లబడింది. కళ్ల కింద నలుపు. నన్ను చూసి నవ్వబోయి, ఎప్పటిలాగే జేబులోంచి రూపాయి బిళ్ల తీసి బిందెలో వేశాడు. ఇత్తడి ఖంగుమని మోగింది. గల్లీ అంతా వినపడి ఉంటుంది. ఎదురింటి గడపలో ముత్తెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. హన్మయ్య స్కూటరు స్టాండు వేసి "అయ్యో వదినె! గిదేంది? ఖాళీ బిందెనా!" అన్నాడు. ఆయన వంగి బిందెలోకి చూశాడు. అడుగున రూపాయి ఉంది. చాలాసేపు చూశాడు. తిడితే తిట్టనీ అనుకున్నాను.

"ఇన్నేండ్లు గీ బిందె ఏడ దాసినవే?" అన్నాడు మెల్లగా.

నేను బిందె కింద పెట్టాను. హన్మయ్యే అందుకున్నాడు. "ఏం ఫికర్ లేదు కాశీరామన్నా. లోపల జరసేపు కూసోని, ఇన్ని నీళ్లు తాగి మల్ల ఎల్లు. బస్సుకు ఇంక టైమున్నది."

ఆయన లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లిచ్చాను. గుక్క గుక్కగా తాగాడు, దాహం లేకపోయినా చివరి చుక్క దాకా తాగాడు. బయట హన్మయ్య ఒకసారి హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. ఆయన చేతి గడియారం విప్పి, కీ చివర గోటితో బయటికి లాగి, నా వైపు చూశాడు.

"టైం ఎంతయిందే?"

గోడ వైపు చూశాను. కళ్లలో నీళ్లకు ముళ్లు కనపడటం లేదు, కొంగుతో తుడుచుకుని మళ్లీ చూశాను. "నాలుగుకు పది తక్కువ" అన్నాను.

తిప్పాడు. గంటన్నర ముందుకు తిప్పడానికి ఎంతో సేపు పట్టలేదు. గడియారం చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి విని, చేతికి పెట్టుకున్నాడు.

"పసుపు మెత్తవడ్తది, ఒక చెయ్యి పట్టాలె, రా" అన్నాను. ఆయన అప్పటికే వంగి బూట్లు విప్పుతున్నాడు.